ఎవరి సొమ్ముతో ఎవరి ప్రయాణం?

తెల్లవారుజామున ఫజర్ నమాజు ముగిసిన తరువాత ఆరాంఘర్ చౌరస్తాలో ఒక అరగంట నిలబడి చూసినవారికి ఈ మహానగర రవాణా లెక్కను వేరే ఎవరూ వివరించనక్కరలేదు. మెహదీపట్నంలో పైకెక్కిన కారు పదకొండున్నర కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే మీదుగా ఎక్కడా సిగ్నల్ దగ్గర ఆగకుండా వచ్చి, ఇక్కడ దిగి, శంషాబాద్ వైపు సాగిపోతుంది. ఆ వంతెన మీదికి మోటారు సైకిలుకు ప్రవేశం లేదు, ఆటోకు ప్రవేశం లేదు. వంతెన కింద మాత్రం టిఫిన్ డబ్బాలు పట్టుకుని మనుషులు నిలబడి ఉంటారు. విమానాశ్రయంలో నేల తుడిచే స్త్రీలు, సామాను మోసే యువకులు, కాటేదాన్ కర్మాగారాలకు వెళ్ళే కూలీలు, కళాశాలకు బయలుదేరిన బుర్ఖా ధరించిన ఆడపిల్లలు. పైన వెళ్ళేవారి దారి ప్రజాధనంతో కట్టినది. కింద నిలబడినవారు కూడా ఆ ప్రజాధనంలో భాగస్వాములే. చెల్లించినవారు కింద ఉన్నారు, వేగం పైన ఉంది.

మేము ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా మూడు దశాబ్దాలకు పైగా పనిచేసి విరమించినవాళ్ళము. ఉపన్యాసాలలో వినిపించే మాటలకంటే పద్దుల పుస్తకంలో కనిపించే అంకెలను నమ్మడం ఆ ఉద్యోగం నేర్పిన అలవాటు. ఏ ప్రభుత్వానికి ఎవరిమీద ప్రేమ ఉన్నదో తెలుసుకోవాలంటే దాని ప్రకటనలను పక్కన పెట్టి, ఏ పద్దు కింద ఎంత మంజూరయింది, అందులో ఎంత విడుదలయింది, ఏ సంవత్సరంలో విడుదలయింది అని చూడాలి. శంషాబాద్ విమానాశ్రయం చుట్టూ గత ఇరవై సంవత్సరాలుగా జరిగిన రవాణా ఖర్చును ఆ విధంగా చూస్తే ఒక సత్యం స్పష్టమవుతుంది. విమానం ఎక్కేవాడి దారికి డబ్బు ఎప్పుడూ దొరికింది. ఆ విమానాశ్రయంలో పనిచేసేవాడి దారికి, దాని పక్కనే నివసించేవాడి దారికి డబ్బు ఎప్పుడూ చాలలేదు.

విమానాశ్రయానికి ప్రజలు ఏమిచ్చారు?

రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం ప్రైవేటు పెట్టుబడితో వెలసిన అద్భుతమని మన పిల్లలకు చెబుతుంటారు. కాగితాలు వేరే చెబుతున్నాయి. 2004 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వంతో రాయితీ ఒప్పందం కుదిరింది, 2008 మార్చిలో విమానాశ్రయం ప్రారంభమయింది. దాదాపు 5,500 ఎకరాల భూమిని ఆనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సేకరించి లీజుకు అప్పగించింది. రూ.315 కోట్లు వడ్డీ లేని అప్పుగా ఇచ్చింది. మరో రూ.107 కోట్లు తిరిగి చెల్లించనక్కరలేని గ్రాంటుగా ఇచ్చింది. ఆ సంస్థ వాటాలలో రాష్ట్ర ప్రభుత్వానికి 13 శాతం, కేంద్రానికి చెందిన ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి 13 శాతం ఉన్నాయి. విమానాశ్రయం తన స్థూల ఆదాయంలో 4 శాతాన్ని కేంద్రానికి రాయితీ రుసుముగా చెల్లించాలి. మొదటి పది సంవత్సరాల రుసుమును వాయిదా వేసుకునే సదుపాయాన్ని కూడా ఒప్పందమే కల్పించింది. పోల్చి చూడండి. ఢిల్లీ విమానాశ్రయ నిర్వాహకులు తమ ఆదాయంలో చెల్లించే వాటా 45.99 శాతం, ముంబైలో 38.7 శాతం. మన ఒప్పందం మరో ముప్పై సంవత్సరాలకు, అంటే 2068 వరకు పొడిగింపు పొందింది.

ఈ భూములలో మామిడిపల్లి పరిధిలోనివి కొన్ని పహాడీ షరీఫ్ దర్గాకు చెందిన వక్ఫ్ ఆస్తులన్న వాదన సంవత్సరాలుగా నలుగుతూనే ఉన్నది. ఆ వివాదం ఈ వ్యాసంలో తేలేది కాదు. అయితే ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఈ విమానాశ్రయానికి భూమి ఇచ్చిన గ్రామాలలో ముస్లింలు, దళితులు, బీసీ రైతులు అందరూ ఉన్నారు. సేకరించిన భూమిలో సుమారు 1,500 ఎకరాలు విమానాల రాకపోకలకు సంబంధం లేని వాణిజ్య నగరానికి కేటాయింపయ్యాయి. హోటళ్ళు, గోదాములు, కార్యాలయాలు అక్కడ లేస్తున్నాయి. రన్‌వే కోసమని ఇచ్చిన భూమి అద్దెలు సంపాదిస్తున్నది. ఆ అద్దెలో శంషాబాద్ బస్సుకు ఎంత వాటా? ఆ లెక్కకు ఒక పద్దు కూడా లేదు.

విమానాశ్రయానికి దారి కావలసి వచ్చినప్పుడు ఎవరూ నిధులు లేవని అనలేదు. వందల కోట్లతో కట్టిన ఎక్స్‌ప్రెస్ వే 2009 అక్టోబరులో ప్రారంభమయింది. జపాన్ సంస్థ జైకా అప్పు కూడా కలుపుకుని 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. ఆ రోడ్డును 2023లో ముప్పై సంవత్సరాలకు ఒక ప్రైవేటు సంస్థకు రూ.7,380 కోట్లకు లీజుకిచ్చారు. ఇంత పెద్ద మొత్తం ఒక్కసారిగా చేతికి వచ్చిన నాడు కూడా, ఇందులో ఇంత నగర బస్సులకు అని ఏ పాలకుడూ ప్రకటించలేదు.

ఆరు కిలోమీటర్ల దూరంలో ఆగిన రైలు

పేదవాడికి అందుబాటులో ఉన్న రవాణా ఏదైనా ఉన్నదంటే అది ఎంఎంటీఎస్ రైలు. కనీస ఛార్జీ ఐదు రూపాయలు. 2003 ఆగస్టులో మొదలైన ఈ రైళ్ళు సికింద్రాబాద్, లింగంపల్లి, ఫలక్‌నుమాలను కలిపాయి. రెండో దశకు మొదట వేసిన అంచనా రూ.816.55 కోట్లు. అందులో మూడింట రెండు వంతులు రాష్ట్రం, ఒక వంతు రైల్వే భరించాలన్నది ఒప్పందం. ఫలక్‌నుమా నుండి శివరాంపల్లి, బుద్వేల్ మీదుగా శంషాబాద్‌లోని ఉందానగర్ దాకా, అక్కడి నుండి మరో ఆరు కిలోమీటర్లు విమానాశ్రయం దాకా రైలు వెళ్ళాలన్నది ఆనాటి ఆలోచన.

ఏమయింది? విమానాశ్రయం ఆవరణలోకి ఆ రైలు రావడానికి నిర్వాహకులు సుముఖంగా లేరన్న వార్తలు పత్రికలలో వచ్చాయి. రాష్ట్రం తన వాటాను సకాలంలో ఇవ్వలేదని రైల్వే పదేపదే చెప్పింది. ఏళ్ళు గడిచేకొద్దీ అంచనా వ్యయం పెరిగింది. చివరకు 2023 ఏప్రిల్ 8న ప్రధానమంత్రి జెండా ఊపితే రైలు ఉందానగర్ దాకా వచ్చింది, అక్కడే ఆగింది. ఆ చివరి ఆరు కిలోమీటర్లు నేటికీ కాగితం మీదనే ఉన్నాయి. ఐదు రూపాయల ఛార్జీతో మొదలయ్యే రైలు విమానాశ్రయం గడప ఎక్కలేదు.

ఇంకొక అంకెను దీని పక్కన పెట్టి చూద్దాం. ఆరాంఘర్ నుండి జూపార్క్ వరకు నాలుగు కిలోమీటర్ల ఫ్లైఓవర్ 2025 జనవరిలో ప్రారంభమయింది. దానికి మన్మోహన్ సింగ్ పేరు పెట్టారు. ఖర్చు రూ.799 కోట్లు. దానివల్ల పాతబస్తీకి మేలు జరిగింది, మేము కాదనము. రెండు పనులూ ఒక కాలపు ధరలతో జరిగినవి కావన్నదీ నిజమే. అయినా నాలుగు కిలోమీటర్ల వంతెనకు దొరికినంత డబ్బు, నగరం నలువైపులా వెళ్ళవలసిన రైళ్ళ పథకం మొత్తానికి వేసిన తొలి అంచనాకు దాదాపు సమానం. మొదటిది రెండవదానికంటే సులభంగా ఎందుకు దొరికింది? వంతెన మీద వెళ్ళేవాడు ఫిర్యాదు చేస్తే వినేవారున్నారు. రైలు కోసం నిలబడినవాడికి ఫిర్యాదు ఎవరికివ్వాలో కూడా తెలియదు. రాష్ట్రం కేంద్రాన్ని చూపిస్తుంది, కేంద్రం రాష్ట్రాన్ని చూపిస్తుంది.

మెట్రో: మొదట రాసినది చివరకు మిగిలింది

మెట్రో రైలు మొదటి దశ 2010లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఎల్ అండ్ టీ సంస్థ చేతిలో పడింది. కేంద్రం రూ.1,458 కోట్ల సర్దుబాటు నిధి మంజూరు చేసింది. స్టేషన్ల వద్ద, డిపోల వద్ద వాణిజ్య నిర్మాణాల హక్కులు సంస్థకు దక్కాయి. జూబ్లీ బస్ స్టేషన్ నుండి ఫలక్‌నుమా దాకా ఒక మార్గం అని ఆ ఒప్పందంలో స్పష్టంగా ఉన్నది. 2017 నవంబరులో మెట్రో ప్రారంభమయింది. 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్ స్టేషన్ నుండి వచ్చిన రైలు మహాత్మా గాంధీ బస్ స్టేషన్ దగ్గర ఆగిపోయింది. అక్కడి నుండి ఫలక్‌నుమాకు మిగిలింది ఐదున్నర కిలోమీటర్లు మాత్రమే. 69 కిలోమీటర్లు కట్టగలిగిన చేతులకు ఆ ఐదున్నర కిలోమీటర్లు మాత్రమే బరువయ్యాయి.

ఇదే కాలంలో విమానాశ్రయానికి మరో మెట్రో తయారయింది. 2022 డిసెంబరు 9న రాయదుర్గం నుండి విమానాశ్రయానికి 31 కిలోమీటర్ల మార్గానికి నాటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర రావు శంకుస్థాపన చేశారు. అంచనా రూ.6,250 కోట్లు. రాష్ట్రం తన సొంత ప్రయత్నంతోనే ఆ నిధులు సమకూరుస్తుందని ఘనంగా ప్రకటించారు. ఐదున్నర కిలోమీటర్లకు లేని డబ్బు 31 కిలోమీటర్లకు ఎక్కడి నుండి వచ్చింది? ఒకటి ఐటీ కారిడార్‌ను విమానాశ్రయంతో కలుపుతుంది, మరొకటి పాతబస్తీని నగరంతో కలుపుతుంది. 2011 జనగణన ప్రకారం హైదరాబాద్ జిల్లా జనాభాలో 43 శాతానికి పైగా ముస్లింలు. ఆ జనాభాలో అధికభాగం నివసించే ప్రాంతానికి మొదటి ఒప్పందంలోనే రాసిన రైలు రాకుండా, ఒప్పందంలో లేని రైలుకు శంకుస్థాపన జరిగింది.

2023 డిసెంబరులో కొత్త ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఆ మార్గాన్ని నిలిపివేసి, విమానాశ్రయ మెట్రో పాతబస్తీ వైపు నుండి వెళ్ళాలని ఆదేశించినప్పుడు మేము సంతోషించాము. 2024 మార్చి 8న పాతబస్తీ మెట్రోకు శంకుస్థాపన జరిగింది. తరువాత దానిని చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్లకు పొడిగించారు. నాగోలు నుండి ఎల్‌బీ నగర్, చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్, శంషాబాద్ మీదుగా విమానాశ్రయం దాకా 36.8 కిలోమీటర్ల మార్గాన్ని రూపొందించారు. ఐదు మార్గాలతో రెండో దశ మొత్తం 76.4 కిలోమీటర్లు, అంచనా రూ.24,269 కోట్లు. 2024 నవంబరులో ఆ ప్రతిపాదన కేంద్రానికి వెళ్ళింది.

ఈ మొత్తాన్ని ఎలా సమకూర్చాలని రాశారో ప్రతి పాఠకుడూ గుర్తుంచుకోవాలి. రాష్ట్రం వాటా రూ.7,313 కోట్లు, అంటే 30 శాతం. కేంద్రం వాటా రూ.4,230 కోట్లు, 18 శాతం. అప్పులు రూ.11,693 కోట్లు, 48 శాతం. ప్రైవేటు భాగస్వామ్యం రూ.1,033 కోట్లు, 4 శాతం. ఈ నాలుగు పద్దులను మేము పలుమార్లు కలిపి చూశాము. లెక్క సరిపోయింది, న్యాయమే సరిపోలేదు. మెట్రో వస్తే ఎవరి భూముల ధర పెరుగుతుందో, ఎవరి హోటళ్ళు నిండుతాయో, వారి పేరిట విడిగా ఒక పద్దు లేదు. దాదాపు సగం అప్పు. అప్పు తీర్చేది రేపటి టికెట్టు, రేపటి పన్ను. ఆ రెండూ కట్టవలసినవారిలో ఆరాంఘర్ వంతెన కింద నిలబడినవారూ ఉన్నారు.

మరొక హెచ్చరిక. ఈ రెండో దశలో పాతబస్తీ మార్గం ఖర్చు రూ.2,741 కోట్లు. అంటే మొత్తంలో సుమారు తొమ్మిదో వంతు. కేంద్రం కొంత కోత పెడితే, నిధులు ఆలస్యమైతే, మొదట దేనిని ఆపుతారు? గతంలో ఏది ఆగిపోయిందో మనకు అనుభవమే. 2025 జూన్‌లో విమానాశ్రయం నుండి ఫ్యూచర్ సిటీకి ఇంకొక మెట్రో మార్గానికి కూడా రాష్ట్ర ప్రభుత్వం ఆమోదం తెలిపింది. జనం ఇంకా చేరని నగరానికి మార్గం సిద్ధమవుతున్నది. నాలుగు వందల ఏళ్ళ నుండి జనం నిండి ఉన్న నగరం మాత్రం ఎదురుచూస్తున్నది.

లాభం సంస్థది, నష్టం మనది

2025 మే నెలలో మెట్రో కనీస ఛార్జీని 10 నుండి 12 రూపాయలకు, గరిష్ఠ ఛార్జీని 60 నుండి 75 రూపాయలకు పెంచారు. జనం గగ్గోలు పెట్టిన తరువాత పది శాతం తగ్గించి 11గా, 69గా చేశారు. అదే సంవత్సరం సెప్టెంబరులో ఎల్ అండ్ టీ తప్పుకోవడానికి, ప్రభుత్వం మొదటి దశను స్వాధీనం చేసుకోవడానికి అవగాహన కుదిరింది. దానితోపాటు సుమారు రూ.13,000 కోట్ల అప్పు ప్రభుత్వం నెత్తిన పడుతుంది. సంస్థ వాటా పెట్టుబడికి మరో రూ.2,000 కోట్లు చెల్లించాలి. ఢిల్లీలోనూ ఇదే జరిగింది. అక్కడి విమానాశ్రయ మెట్రోను 2011లో ప్రారంభించిన ప్రైవేటు సంస్థ 2013లో వదిలి వెళితే ప్రభుత్వ మెట్రో సంస్థ తీసుకున్నది. నడిచినన్నాళ్ళు ప్రైవేటు, మునిగిన నాడు ప్రభుత్వం. ప్రభుత్వం మెట్రోను తీసుకోవడం తప్పని మేము అనడం లేదు. ఒక సంస్థ అప్పును భుజానికెత్తుకోవడానికి సిద్ధపడిన ఖజానా, నగర బస్సు నష్టాన్ని మాత్రం భరించలేనని చెప్పడమే వింత.

బస్సు సంగతి చూడండి. హైదరాబాద్ నగరంలో ఆర్టీసీకి వచ్చే నష్టాన్ని మహానగర పాలక సంస్థ భరించాలని 2015లో నిర్ణయించారు. ముంబైలోనూ చాలాకాలం ఇటువంటి పద్ధతే నడిచింది. అక్కడి బెస్ట్ సంస్థ విద్యుత్తులో వచ్చిన మిగులుతో బస్సు నష్టాన్ని పూడ్చేది. మన పాలక సంస్థ కొన్నాళ్ళు చెల్లించి చేతులెత్తేసింది. 2019లో యాభై రోజులకు పైగా సాగిన ఆర్టీసీ సమ్మె ముగిసిన వెంటనే కిలోమీటరుకు 20 పైసల చొప్పున ఛార్జీలు పెరిగాయి, నగరంలో వందలాది బస్సులు తగ్గాయి. బస్సు తగ్గినప్పుడు కారున్నవాడికి తేడా తెలియదు. పహాడీ షరీఫ్‌లో, షాహీన్ నగర్‌లో, శంషాబాద్ పాత ఊరిలో షేర్ ఆటోలో వేలాడవలసిన వాడికి తెలుస్తుంది.

2025 జూన్‌లో నెలవారీ ఆర్డినరీ బస్ పాసు 1,150 నుండి 1,400 రూపాయలకు పెరిగింది. మెట్రో ఎక్స్‌ప్రెస్ పాసు 1,300 నుండి 1,600 అయింది. అక్టోబరులో నగర బస్సు టికెట్టు మీద మొదటి మూడు స్టేజీల వరకు ఐదు రూపాయలు, నాలుగో స్టేజీ నుండి పది రూపాయలు అదనంగా వేశారు. విద్యుత్ బస్సులకు, వాటి ఛార్జింగ్ ఏర్పాట్లకు డబ్బు కావాలన్నది చెప్పిన కారణం. విద్యుత్ బస్సు రావలసిందే. దాని పొగలేని గాలిని కారులో వెళ్ళేవాడూ పీలుస్తాడు. కానీ ఖర్చు మాత్రం బస్సులో నిలబడి వెళ్ళేవాడి జేబు నుండే తీశారు. ఆర్డినరీ పాసు మీద నెలకు 250 రూపాయలంటే సంవత్సరానికి 3,000. ఒక ఇంట్లో ఇద్దరు సంపాదించేవారుంటే 6,000. ఏ చట్టసభలోనూ చర్చకు రాని ఒక కొత్త పన్నును పేదవారి మీద వేసినట్లే ఇది.

ఆర్టీసీ కొనే డీజిలు మీద రాష్ట్రం 27 శాతం వ్యాట్ వసూలు చేస్తుంది. ఒక చేత్తో పన్ను తీసుకుని, మరో చేత్తో సహాయం చేస్తున్నామని చెప్పడం ఏ రకమైన లెక్క? మా సర్వీసులో ఇటువంటి పద్దు రాసి పంపితే పై అధికారి కాగితం మొహాన కొట్టి ఉండేవారు.

మనకు చెప్పే సమాధానాలు

ఈ మాటలు ఎత్తినప్పుడల్లా కొన్ని సమాధానాలు వినిపిస్తాయి.

మొదటిది, మహిళలకు ఉచిత ప్రయాణం ఇచ్చినందువల్లనే బస్సు నష్టపోతున్నదని. 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకం ఈ రాష్ట్రంలో ప్రజాధనాన్ని పేదల ప్రయాణానికి సూటిగా వెచ్చించిన అరుదైన పని. మన బస్తీలలో పదో తరగతితో ఆగిపోవలసిన ఆడపిల్లలకు బస్సు ఖర్చన్న అడ్డంకి తొలగింది. తల్లులు ఒక్కరే ఆస్పత్రికి వెళ్ళి రాగలుగుతున్నారు. ఉచిత టికెట్టుకు ప్రభుత్వం పూర్తిగా, సకాలంలో డబ్బు చెల్లిస్తే అది బస్సుకు నష్టం కాదు, ఆదాయం. రద్దీ పెరిగితే బస్సులు పెంచాలి. ఆడబిడ్డను, ఆమె పక్కన టికెట్టు కొని నిలబడిన తమ్ముడిని ఒకరికొకరు శత్రువులుగా నిలబెట్టే వాదనను మన ఇళ్ళలోకి రానీయరాదు.

రెండవది, పాతబస్తీవాళ్ళే మెట్రోను అడ్డుకున్నారని. సుమారు 1,100 ఆస్తులు దెబ్బతినే పనిలో యజమానులు ప్రశ్నలు అడగడం అడ్డుకోవడం ఎలా అవుతుంది? గజానికి రూ.81,000 పరిహారం ప్రకటించి 2025 జనవరి నుండి చెక్కులు ఇవ్వడం మొదలుపెట్టగానే చాలామంది ముందుకు వచ్చారు. స్తంభాల స్థానాలు సర్ది మస్జిద్‌లకు, మందిరాలకు, ఆషుర్‌ఖానాలకు నష్టం రాకుండా చూడవచ్చని అధికారులే చెప్పారు. పది సంవత్సరాల క్రితం ఇదే చేయకుండా ఎవరు ఆపారు? నిజానికి ఇప్పటికీ జవాబు దొరకని ప్రశ్న కిరాయి దుకాణదారులది. ఇంటి యజమానికి చెక్కు వస్తుంది. నలభై ఏళ్ళుగా అదే షట్టర్‌లో గాజులు అమ్ముకున్నవాడు ఎక్కడికి వెళ్ళాలి?

మూడవది, విమానాశ్రయం ఉద్యోగాలు ఇస్తున్నది, దానిమీద భారం వేయరాదని. విమానం ఎక్కని సముదాయం కాదు మనది. హజ్ యాత్రికులు అక్కడి నుండే బయలుదేరుతారు. గల్ఫ్‌కు వెళ్ళే మన పిల్లలు అక్కడే కన్నీళ్ళతో వీడ్కోలు తీసుకుంటారు. వారి టికెట్టులో యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు అని ఒక మొత్తం ఉంటుంది. విమానాశ్రయ విస్తరణకు ప్రయాణికుడు ముందుగా చెల్లించే చందా అది. ఎడారిలో చెమటోడ్చే కూలీ దగ్గర విమానాశ్రయం కోసం రుసుము తీసుకోవడం న్యాయమైతే, ఆ విమానాశ్రయపు పార్కింగు నుండి, దుకాణాల నుండి, వాణిజ్య భూముల అద్దెల నుండి నగర బస్సు కోసం వాటా అడగడం అన్యాయం ఎలా అవుతుంది?

లెక్క వేయడం కష్టమేమీ కాదు. 2023–24 ఆర్థిక సంవత్సరంలో ఈ విమానాశ్రయం నుండి సుమారు 2.5 కోట్ల మంది ప్రయాణించారు. ప్రయాణికుడికి 20 రూపాయల చొప్పున, టికెట్టు మీద వేయకుండా, నిర్వాహక సంస్థ తన వాణిజ్య ఆదాయం నుండి జమ చేస్తే సంవత్సరానికి 50 కోట్లు. విమానాశ్రయ క్యాంటీన్‌లో ఒక కప్పు టీ ధరకంటే తక్కువ. ఆ డబ్బుతో శంషాబాద్ చుట్టుపక్కల మూడు షిఫ్టులలో బస్సులు నడపవచ్చు.

ఇతర దేశాలు ఏం చేశాయి?

ఇది మేము కలగన్న కొత్త సిద్ధాంతం కాదు. ఫ్రాన్సులో 1971లోనే పారిస్ ప్రాంతంలోని యజమానుల మీద ప్రజారవాణా కోసం ప్రత్యేక చెల్లింపు విధించారు. కార్మికుడు రోజూ పనికి రావడం వల్ల లాభపడేది యజమాని కనుక, ఆ రాకపోకల ఖర్చులో యజమాని కొంత భరించాలన్నది దాని వెనుక ఉన్న న్యాయం. జీతాల మొత్తం మీద లెక్కించే ఆ సొమ్ము నేటికీ అక్కడి రైళ్ళకు, బస్సులకు ప్రధాన ఆధారాలలో ఒకటి. లండన్ నగరం 2003లో నడిబొడ్డులోకి వచ్చే కార్ల మీద రుసుము పెట్టింది. ఆ ఆదాయాన్ని రవాణాకే ఖర్చు చేయాలన్నది అక్కడి చట్టం.

ఈ రెండు ఉదాహరణల సారం ఒక్కటే. ప్రజారవాణా వల్ల లాభపడేది దానిలో ప్రయాణించేవాడు మాత్రమే కాదు. అతని శ్రమను వాడుకునే యజమాని, పక్కనే భూమి ఉన్న సొంతదారు, రద్దీ తగ్గినందువల్ల వేగంగా వెళ్ళే కారు యజమాని కూడా లాభపడతారు. లాభంలో వాటా ఉన్నవారికి ఖర్చులోనూ వాటా ఉండాలి. మన ధర్మంలో అమానత్ అన్న భావన ఉన్నది. అప్పగించిన సొమ్మును అప్పగించిన పనికే వాడాలి. ప్రజల భూమి, ప్రజల పన్ను పాలకుల చేతిలో అమానత్. దానిని బలవంతుడి సౌకర్యానికి మళ్ళించడం ద్రోహం.

మనం అడగవలసినవి

ఒకటి. పాతబస్తీ మెట్రో, విమానాశ్రయ మెట్రో చాంద్రాయణగుట్ట దగ్గర కలుస్తాయి. రెండింటి పనీ కలిసి సాగాలి, కలిసి ప్రారంభం కావాలి. పాతబస్తీ మార్గం పూర్తికాకుండా విమానాశ్రయ మార్గాన్ని తెరవరాదని ప్రభుత్వం లిఖితపూర్వకంగా చెప్పాలి.

రెండు. ఉందానగర్‌కు వచ్చే ఎంఎంటీఎస్ రైళ్ళ సంఖ్య పెంచాలి. షిఫ్టుల వేళలకు వాటిని సరిపెట్టాలి. చివరి ఆరు కిలోమీటర్ల పట్టాలు పడేవరకు ఉందానగర్ నుండి విమానాశ్రయానికి ఆర్డినరీ ఛార్జీతో బస్సు నడపాలి. ఇప్పుడున్న పుష్పక్ బస్సు సూట్‌కేసు ఉన్నవాడి కోసం. చీపురు పట్టుకునే స్త్రీకి అందులో మహాలక్ష్మి వర్తించదు.

మూడు. హెచ్ఎండీఏ చట్టం వచ్చిన 2008 నుండి ఉమ్మడి మహానగర రవాణా సంస్థ అన్న మాట వింటున్నాము. దానికి ప్రత్యేక నిధి ఏర్పాటు చేయాలి. విమానాశ్రయ వాణిజ్య భూముల ఆదాయం నుండి వాటా, మెట్రో స్టేషన్ల చుట్టూ పెరిగే భూమి విలువ మీద రుసుము, ఆస్తి పన్నులో కొంత శాతం అందులో జమ కావాలి. 2025 డిసెంబరులో శంషాబాద్, తుక్కుగూడ, జల్‌పల్లి పురపాలికలు మహానగరంలో విలీనమయ్యాయి. పన్ను నగరానిదైతే బస్సు కూడా నగరానిదే కావాలి.

నాలుగు. ఆర్టీసీ నగర బస్సుల డీజిలు మీద వసూలు చేసిన వ్యాట్‌ను తిరిగి ఆర్టీసీకే ఇవ్వాలి. ఆ మేరకు బస్ పాసుల పెంపును రద్దు చేయాలి.

చివరగా మనలోని లోపం గురించి. 2006లో సచార్ కమిటీ ముస్లింలు ఎక్కువగా ఉన్న గ్రామాలకు పక్కా రోడ్లు, బస్ స్టాపులు సరిగా లేవని రాసినప్పుడు, ఆ నివేదికను మనం సభలలో ఎన్నోసార్లు ప్రస్తావించాము. మన బస్తీకి బస్సు ఎందుకు రాదని మాత్రం డిపోకు వెళ్ళి అడగలేదు. ఎన్నికల సభలో పాతబస్తీ మెట్రో అనగానే చప్పట్లు కొట్టాము. బడ్జెటులో దానికి ఎంత పెట్టారని మరునాడు చూడలేదు. వివక్షను నినాదంతో ఎదిరిస్తే పాలకుడు నవ్వి ఊరుకుంటాడు. దానిని అంకెతో ఎదిరిస్తే జవాబు చెప్పక తప్పదు.

సమాచార హక్కు చట్టం 2005 నుండి మన చేతిలో ఉన్నది. పది రూపాయల రుసుము, ముప్పై రోజుల గడువు. "మాకు బస్సు లేదు" అని రాయకండి. "మా మార్గంలో 2019 అక్టోబరుకు ముందు రోజుకు ఎన్ని ట్రిప్పులు నడిచేవి, నేడు ఎన్ని నడుస్తున్నాయి, తగ్గిస్తూ ఇచ్చిన ఉత్తర్వు నకలు ఇవ్వండి" అని రాయండి. "మెట్రో ఎప్పుడు వస్తుంది" అని అడగకండి. "పాతబస్తీ మార్గానికి ఈ సంవత్సరం మంజూరైన మొత్తం ఎంత, విడుదలైనది ఎంత, ఖర్చయినది ఎంత" అని మూడు వరుసలలో అడగండి. ఈ ప్రశ్నలు ఎలా రాయాలో తెలిసిన విశ్రాంత ఉద్యోగులు ప్రతి మొహల్లాలోనూ ఉన్నారు. జుమా నమాజు తరువాత ఒక గంట మస్జిద్ కమిటీ వారిని కూర్చోబెట్టండి. ఏ బస్తీ నుండి ఎంతమంది ఏ షిఫ్టుకు ఎక్కడికి వెళుతున్నారో ఒక పుస్తకంలో రాయించండి. మన పక్క బస్తీలోని హిందూ సోదరుడి పేరు, దళిత సోదరి పేరు కూడా ఆ పుస్తకంలో ఉండాలి. ఆ బస్ స్టాపులో వారూ మన పక్కనే నిలబడుతున్నారు.

ఆ పుస్తకం చేతిలో ఉన్న నాడు మనం కార్యాలయం మెట్ల దగ్గర బిచ్చం అడిగేవాళ్ళం కాము, బకాయి వసూలుకు వచ్చినవాళ్ళం అవుతాము. భూమి ఇచ్చాము, పన్ను ఇచ్చాము, టికెట్టు కొన్నాము. ఇక మన పేరిట జమ కావలసినది మిగిలి ఉన్నది. ఇన్షా అల్లాహ్, వచ్చే బడ్జెటు నాటికి ఆ పద్దు రాయించే పని శంషాబాద్ నుండే మొదలు కావాలి.